ఏడు ఓట్లతో ఓడిపోయిన గంట

శంషాబాద్ దాటి లోపలికి పోతే, విమానాశ్రయం గోడకు అవతలున్న ఒక చిన్న ఊళ్లో, చర్చి గంట సర్పంచ్ ఎన్నికల్లో నిలబడి ఏడు ఓట్ల తేడాతో ఓడిపోయింది. ప్రచారం మధ్యలో మౌనవ్రతం పట్టకపోయి ఉంటే గెలిచేదే.

సరే, కొంచెం తగ్గించి చెప్పుకుందాం. గంట నామినేషన్ వెయ్యలేదు. దానికి ఆధార్ కార్డు కూడా లేదు. నిలబడింది శ్రీకాంత్ అనే మనిషి, అతనికి అధికారులు ఇచ్చిన గుర్తు గంట. ఏడు ఓట్ల సంగతి నిజం, అదీ రెండోసారి లెక్కపెట్టాక. మౌనవ్రతం సంగతీ నిజమే. కాకపోతే ఆ వ్రతం గంట తనంతట తాను పట్టలేదు. అనంతయ్య పట్టించాడు.

అనంతయ్య ఆ చర్చిలో గంట కొట్టే మనిషి. అతనికి అరవై ఏడు, అతని మోకాళ్లకు ఎనభై దాటాయి. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు విమానాశ్రయం పార్కింగులో ఎక్కడివక్కడ వదిలేసిన ట్రాలీలను ఒకదాంట్లో ఒకటి దూర్చి, పొడుగాటి రైలులా తోసుకొచ్చే పని చేశాడు. దేశదేశాలకు పోయేవాళ్ల బండ్లు తోసిన ఆ మనిషి తను మాత్రం ఎన్నడూ హిమాయత్ సాగర్ దాటి పోలేదు.

గంట నిజానికి అతని భార్య నిర్మలది. చర్చిదే అనుకోండి, కానీ తాడు ఆమె చేతిలో ఉండేది. ఆమెకు ముందు ఆమె తండ్రి చేతిలో ఉండేది. ఆమెను పెళ్లి చేసుకుని బాప్తిస్మం తీసుకున్న అనంతయ్యకు ఒక్క కీర్తన రాకముందే ఆమె గంట కొట్టడం నేర్పింది. ఆదివారం మూడుసార్లు కొట్టాలి. మొదటిది స్నానాలు చెయ్యమని, రెండోది ఇంటికి తాళం వెయ్యమని, మూడోది ఇగ మీ కోసం ఆగేది లేదని. విమానాశ్రయం వచ్చాక ఆమే ఇంకో లెక్క చేర్చింది: పైన విమానం దిగుతుంటే చెయ్యి ఆపాలి. దాని చప్పుడు పూర్తిగా పోయాక, ఒక ఊపిరి పీల్చి వదిలేంత సేపు చూసి, అప్పుడు లాగాలి. ఈ లెక్క తెలియనివాడు కొడితే సగం గంట విమానం ఎత్తుకుపోతుంది.

గాలి వాటంగా ఉన్న రోజు ఆ గంట బాలాపూర్ దాకా వినబడుతుందని, ఒక ఏడాది అక్కడి వినాయకచవితి లడ్డూ వేలంలో ఒకాయన అది విని పాట అయిపోయిందనుకుని కూర్చుండిపోయాడని ఊళ్లో చెప్పుకుంటారు. అంత దూరం చప్పుడు పోదని వాదించేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను ఎవరూ రెండోసారి చాయ్‌కి పిలవరు.

చావుగంట వేరు. ఒకటి కొట్టి, అది పూర్తిగా ఆరిపోయాక ఇంకొకటి. ఊళ్లో ఎవరు పోయినా కొట్టాలి. చర్చికి వచ్చే మనిషా, గుడికి పోయే మనిషా, నమాజు చేసే మనిషా అని అడగకూడదు. "గంటకు కులం చెప్పద్దు," అనేది నిర్మల. ఆ మాట ఎవరైనా పెద్దమనిషి చెప్పి ఉంటే గోడ మీద రాయించేవారు. చెప్పింది విమానాశ్రయంలో ఊడ్చే మనిషి కాబట్టి అనంతయ్య ఒక్కడే గుర్తుపెట్టుకున్నాడు.

వాళ్లకు పిల్లలు లేరు. రెండేళ్ల కింద నిర్మల పోయింది. ఆ రోజు అనంతయ్యే తాడు పట్టుకున్నాడు. విమానాలు పోయేదాకా ఆగుతూ కొట్టాడు, ఆమె నేర్పినట్టే. అప్పటినుంచి ఇంట్లో మాట లేదు. గంటే ఆమె గొంతు అనుకునేవాడు. కొట్టిన తర్వాత తాడు కాసేపు చేతిలో వణుకుతుంది కదా, అది ఆగేదాకా వదిలేవాడు కాదు.

ఆమెను పెట్టిన సమాధుల తోట చర్చికి దగ్గరే. పాత బాటలో నడిస్తే ఒక పాట పూర్తయ్యే లోపు చేరుకోవచ్చు. కానీ మధ్యలో వెంచర్ వాళ్లు ప్లాట్లు వేసి, కంచె కట్టి, గేటు పెట్టారు. బాట లోపల పడిపోయింది. ఇప్పుడు పోవాలంటే విమానాశ్రయం గోడ వెంబడి చుట్టూ తిరగాలి. ఆ మోకాళ్లతో పోనూ రానూ ఒక పూట పడుతుంది. నిర్మల శవపేటిక కోసం ఆ ఒక్కరోజు గేటు తీయించింది శ్రీకాంత్. కాపలావాళ్లతో గొడవపడి, పెట్టెకు ఒక మూల తన భుజం పెట్టాడు. చర్చి మనిషి కాదు, చుట్టం కాదు. ఆ భుజం అనంతయ్య మరచిపోలేదు. సర్పంచ్‌గా గెలిస్తే మొదటి సంతకం ఆ బాట మీదే అని ఇప్పుడు శ్రీకాంత్ చర్చి సంఘానికి మాట ఇచ్చాడు. ఆ మాట కోసం ఊళ్లో అందరికంటే ఎక్కువగా ఎదురుచూస్తున్నది అనంతయ్యే.

డిసెంబరులో ఒక శనివారం గుర్తులు పంచారు. శ్రీకాంత్‌కు గంట వచ్చింది. అతని మీద నిలబడ్డ సరితకు ఉంగరం వచ్చింది. మూడో ఆయనకు కత్తెర వచ్చింది గానీ, ఆయనకు పడ్డ ఓట్లు చూస్తే కత్తెర ఆయన మీదే పనిచేసినట్టుంది.

శ్రీకాంత్ మండలాఫీసు నుంచి ఇంటికి కూడా పోకుండా నేరుగా చర్చికి వచ్చాడు. బంతిపూల దండ, కొబ్బరికాయ తెచ్చాడు. పాపం అతనికి తెలిసిన మర్యాద అదే. గేటు దగ్గర కొబ్బరికాయ కొట్టి, దండ గంటకు వెయ్యాలన్నాడు. సంఘపెద్ద ముత్తయ్య కొబ్బరికాయ దగ్గర కొంచెం ఇబ్బందిపడ్డాడు గానీ, దండకు నిచ్చెన తనే పట్టాడు. పిల్లలు వీడియో తీశారు. గంట ఊగుతుంటే కింద శ్రీకాంత్ దండం పెడుతున్న ఆ వీడియో సాయంత్రానికల్లా అవతలి ఊరు మంఖాల్‌లో కూడా తిరిగింది. పొద్దునా సాయంత్రం గంట కొట్టాలని, చర్చి గంట కొట్టొద్దనే దమ్ము ఎవరికీ లేదని ముత్తయ్య అందరి ముందూ చెప్పాడు. సరిత తరఫువాళ్లు గంటకు గుడ్డ కప్పాలని అధికారికి అర్జీ పెట్టారు. అయితే ఊళ్లో ఆడవాళ్ల ఉంగరాలన్నీ తీయించాలని వీళ్లు ఎదురు అర్జీ పెట్టారు. మంగలి దుకాణం సంగతేమిటని కత్తెర ఆయన అడిగాడు. అధికారి మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఆదివారం అనంతయ్య ఎప్పటిలాగే కొట్టాడు. మొదటి గంటకే, చర్చి ఎదురుగా చాయ్ అమ్మే బర్కత్ దుకాణం దగ్గర ఎవరో "శ్రీకాంత్ ప్రచారం సురూ జేసిండు" అన్నారు. రోడ్డు మీద పోయే ఆటో అతను గంటకే మా ఓటని అరిచి పోయాడు. అనంతయ్య విన్నాడు. పెద్దగా పట్టించుకోలేదు, కొంచెం సంతోషం కూడా కలిగింది. గంట పేరు నలుగురి నోట్లో ఉంటే నిర్మల నవ్వేది అనుకున్నాడు. బాట కూడా కళ్ల ముందు కనబడింది.

సోమవారం పొద్దున సరిత తండ్రి కుర్మయ్య చనిపోయాడు. తొంభైకి దగ్గరైన మనిషి. కబురు అందగానే అనంతయ్య పోయి తాడు పట్టుకున్నాడు. ఒకటి కొట్టాడు, ఆరిపోనిచ్చాడు. ఇంకొకటి కొట్టాడు. మధ్యలో విమానం వస్తే ఆగాడు. అలవాటు ప్రకారం పదకొండు కొట్టి, భుజాన తువ్వాలు సర్దుకుని చావు ఇంటికి పోయాడు.

వాకిట్లో ఎవరూ అతనికి జరిగి చోటివ్వలేదు. సరిత లోపలినుంచి వచ్చింది. జుట్టు విప్పి ఉంది, కళ్లు వాచి ఉన్నాయి. ఏడుపు గొంతుతో, పెద్దగా కూడా కాదు, అతనికి మాత్రం వినబడేట్టు అంది.

"మా బాపు సచ్చిన పూట గూడ ప్రచారమేనా కాకా?"

 గంటకు కులం చెప్పొద్దన్న నిర్మల మాట అనంతయ్య నోటిదాకా వచ్చింది. కానీ ఇప్పుడు గంటకు కులం కంటే పెద్దదే ఒకటి చెప్పేసి ఉన్నారు. మొన్నటిదాకా దాన్ని వింటే ఎవరో పోయారని ఊరు తలదించుకునేది. ఈ పొద్దు ఒక చచ్చిన మనిషి కూతురికి అందులో ఒక మనిషి పేరు వినబడింది. తప్పు ఆమె చెవులది కాదు.

ఆ సాయంత్రం వెలుతురు ఉండగానే నిచ్చెన వేసుకుని గంటగోపురం ఎక్కాడు. ఒక్కో మెట్టుకూ మోకాళ్లు పేరుపెట్టి తిట్టాయి. గంట లోపల వేలాడే ఇనుప నాలుక కొక్కెం విప్పి, తువ్వాలులో మూటకట్టుకుని దిగాడు. ఏడాది పిల్లంత బరువుంది. ఇంటికి తెచ్చి, ట్రంకుపెట్టెలో నిర్మల చీరల కింద పెట్టి తాళం వేశాడు. వాడిపోయిన బంతిపూల దండ పైనే వదిలేశాడు. అది చర్చి సామాను కాదు కదా.

మర్నాడు పొద్దున ముత్తయ్య తాడు లాగితే గంట ఊగింది గానీ పలకలేదు. ఇనుపరాడ్‌తో బాది చూశారు. గిన్నెల దుకాణంలో పిల్లి పడ్డట్టు చప్పుడు వచ్చింది. తర్వాత నలుగురిని వెంటబెట్టుకుని ముత్తయ్య అనంతయ్య ఇంటికి వచ్చాడు.

ముత్తయ్య చెడ్డవాడు కాదు. ఆ సంఘానికి రేకుల కప్పు వేయించడానికి ఎన్ని ఆఫీసుల ముందు నిలబడ్డాడో అనంతయ్యకు తెలుసు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మంచం మీద కూర్చుని, మెల్లగానే మొదలుపెట్టాడు. మన ఇళ్లు ఎన్ని, మన ఓట్లు ఎన్ని అన్నాడు. ఎన్నికల్లో తప్ప మన గడపకు ఎవరైనా వచ్చారా అన్నాడు. దేవుడే ఇచ్చిన గుర్తు నోరు మనమే నొక్కితే ఎట్లా అన్నాడు. చివరకు గొంతు పెరిగింది.

"అందరు అన్నిట్ల వాడుకుంటరు. గుళ్లె మైకులు మోగుతయి, కులసంఘాల భోజనాలయితయి. నీతులు మనకేనా అనంతయ్యా? బాట వస్తె ముందుగాల నడిచేది నువ్వే గద."

 బాట మాట వచ్చేసరికి అనంతయ్య చెయ్యి మోకాలి మీదికి పోయింది.

"శ్రీకాంత్ కోసం ప్రార్థన జేస్త," అన్నాడు. "సరిత కోసం గూడ జేస్త. అధికారుల కోసం చెయ్యాల్నని ప్రతి ఆదివారం మనం జేస్తనే ఉన్నం. ప్రార్థన దేవునికి ఇనబడ్తది ముత్తయ్యా. గంట ఊరికి ఇనబడ్తది. రెండు ఒకటి గాదు."

"అయితె నాలుక ఇయ్యవు."

"ఓట్లు అయిపోయినంక పెడ్త."

నెలకు రెండుసార్లు శంషాబాద్ నుంచి వచ్చే పాస్టరు అయ్యగారికి ఫోన్ చేశారు. అయ్యగారు ఇద్దరి మాటా బాగుందని చెప్పి, ప్రార్థించుకోమని ఫోన్ పెట్టేశారు.

శ్రీకాంత్ కూడా వచ్చాడు, ఒంటరిగా, బైకు దూరంగా ఆపి. అతను బెదిరించలేదు, బతిమాలలేదు. అదే అనంతయ్యకు కష్టమైంది. గడపలో నిలబడి, "నేనేమన్న తప్పు జేసిన్నా కాకా?" అని అడిగాడు.

"నువ్వు జెయ్యలే బిడ్డా. నిర్మలను మోసినవు. సచ్చేదాంక యాది మర్వ," అన్నాడు అనంతయ్య. "నా ఒళ్లు నాది, ఏం పని జెప్పినా జేస్త. గంట నాది గాదు."

శ్రీకాంత్ తల ఊపి వెళ్లాడు. అర్థమై ఊపాడో, పెద్దాయనకు మతి పోయిందని ఊపాడో తెలియదు.

ఆ తర్వాతి రోజులు అనంతయ్యకు ఎప్పుడూ లేనంత పొడుగ్గా గడిచాయి. బర్కత్ దుకాణంలో అతను కూర్చుంటే పక్కవాళ్లు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడేవారు. బర్కత్ ఒక్కడే మాట్లాడేవాడు. "క్యా అనంతయ్య భాయ్, నీ గంట లేక నా పాలు టైముకు పొంగుతలెవ్వు," అనేవాడు. రెండు రోజులు చూసి, తన వల్ల బర్కత్ గిరాకీ పోతోందని అనంతయ్య అటు పోవడం మానేశాడు. చాయ్ ఇంట్లోనే పెట్టుకున్నాడు. అలవాటుగా రెండు గ్లాసులు దించి, ఒకటి మళ్లీ పైన పెట్టాడు.

తర్వాతి ఆదివారం గంట లేకుండా ఆరాధన జరిగింది. కొందరు ముందే వచ్చారు, కొందరు సగంలో వచ్చారు. ఎవరు వచ్చినా అనంతయ్య కూర్చున్న బల్ల మీద కూర్చోలేదు. అధికారుల కోసం ప్రార్థన చెప్పేటప్పుడు ముత్తయ్య శ్రీకాంత్ పేరు ఎత్తాడు. ఆమెన్ అందరూ అన్నాక, అనంతయ్య తన బల్ల మీదినుంచి సరిత పేరు చెప్పి, ఒక్కడే ఆమెన్ అన్నాడు. విమానాలకు అలవాటుపడిన చర్చి కాబట్టి ఎవరికీ వినబడనట్టే ఉండిపోయింది.

మంగళవారం క్యారల్స్ వాళ్లు బయల్దేరారు. ప్రతి ఏడాదీ డోలు, కంజర, పెద్ద నక్షత్రంతో ఇల్లిల్లూ తిరిగి, ఆఖరి పాట అనంతయ్య వాకిట్లో పాడి, నిర్మల చేసిన గారెలు తిని పోయేవారు. ఆమె పోయాక బిస్కెట్లు పెట్టేవాడు, అయినా వచ్చేవారు. దీపాలు పెట్టే వేళ అతను నక్షత్రం బల్బు వేసి, పళ్లెంలో బిస్కెట్లు పేర్చి, గడపలో కూర్చున్నాడు. డోలు దగ్గరికి వచ్చింది. పక్కింట్లో రెండు పాటలు పాడారు. తర్వాత డోలు ఆగింది. నక్షత్రం అతని వాకిలి ముందునుంచి మెల్లగా, చప్పుడు లేకుండా దాటిపోయింది. ఎదురింటి దగ్గరికి పోయాక మళ్లీ డోలు మొదలైంది.

పళ్లెం లోపల పెట్టి, ట్రంకుపెట్టె తెరిచాడు. చీరల కింద చెయ్యి పెట్టి నాలుకను తడిమాడు. చల్లగా ఉంది. నేను చేసింది నువ్వైతే చేసేదానివా అని అడిగాడు. రెండేళ్లుగా ఆమె జవాబులన్నీ గంటలోనే వినబడేవి. ఆ సాయంత్రం దాని నోరు కూడా తనే కట్టేసి కూర్చున్నాడు.

బుధవారం పోలింగ్. ఓటు రహస్యం కాబట్టి చెప్పకూడదు. అయినా చెప్పుకుందాం: అనంతయ్య గంటకే గుద్దాడు. శ్రీకాంత్ గెలవాలని అతనికి నిజంగానే ఉంది, బాట కావాలని ఇంకా ఉంది. ఓటు తనది. మధ్యాహ్నం లెక్కించారు. సరిత తొమ్మిది ఓట్లతో గెలిచిందన్నారు. మళ్లీ లెక్కిస్తే ఏడు అన్నారు. ఇంకోసారి లెక్కిస్తే గంటే గెలిచేదని ముత్తయ్య ఇప్పటికీ అంటాడు.

ఆ ఏడు ఓట్లు ఎవరి వల్ల పోయాయో ఊరికి తెలిసిపోయింది. పొద్దునా సాయంత్రం గంట మోగి ఉంటే ఏడేమిటి, డెబ్భై వచ్చేవన్నారు. ఓట్లు లెక్కించిన బడి దగ్గర నిలబడి ఆ మాటలన్నీ విన్న అనంతయ్య ఇంటికి పోయి, నాలుక తువ్వాలులో చుట్టుకుని, పొద్దుగూకక ముందే నిచ్చెన ఎక్కి కొక్కేనికి తగిలించాడు. ఎండిపోయిన దండ విప్పి, పారెయ్యకుండా గోపురం అంచు మీద పెట్టాడు. ఆదివారం మూడు గంటలూ సమయానికి మోగాయి. జనం సమయానికి వచ్చారు. బల్ల మీద అతని పక్కన మాత్రం అట్లాగే ఖాళీగా ఉంది.

క్రిస్మస్ మధ్యాహ్నం ఆరాధన అయ్యాక అందరూ విందుకు సంఘం షెడ్డులోకి పోయారు. అనంతయ్య చేమంతిపూల పొట్లం పట్టుకుని, గోడ వెంబడి చుట్టుదారిలో పోవడానికి చర్చి గేటు దాటాడు. సరిత స్కూటీ ఆపి ఎదురొచ్చింది. తండ్రి పోయి నెల కాలేదు, బొట్టు సన్నగా పెట్టుకుంది. ఎదురుగా దుకాణంలో బర్కత్ గ్లాసులు కడగడం ఆపి చెవులు ఇటు పెట్టాడు. ఈ కథ బయటికి వచ్చింది అతని నుంచే, కాబట్టి ఉప్పూకారాల లెక్క అతన్నే అడగాలి.

"కాకా, ఆ పొద్దు నా నోరు జారింది," అంది సరిత. "నువ్వు నా కోసం గంట ఆపినవని అందరు చెప్తుండ్రు. నీ వల్లనే గెలిచిన. రేపే తీర్మానం పెడ్త, గేటు తీపిస్త. నీకు బాట ఇడిపిస్త."

అనంతయ్య కంచె వైపు చూశాడు. గేటు అవతల, పిచ్చిగడ్డి పట్టిన బాట, దాని చివర తోట కనబడుతూనే ఉన్నాయి. నిర్మల సమాధి మీది తెల్ల సిలువ కూడా ఇక్కడికి కనబడుతుంది. ఊఁ అంటే చాలు. కానీ ఆ ఊఁతో ఆ తొమ్మిది రోజుల మౌనం సరితకు వేసిన ఓటైపోతుంది. ఒక గుర్తు నుంచి విడిపించుకున్న గంటకు ఇంకో గుర్తు పడుతుంది.

"బాట సంఘానికి గావాలె," అన్నాడు. "ముత్తయ్యను అర్జీ పెట్టమంట. అందరికి ఇచ్చినట్టు ఇయ్యి. నా పేరు మీద ఇయ్యకు."

"నువ్వు నాకోసం అంత జేస్తివి గద."

"నేనేం జేసిన? నీకోసం గంట ఆపుడేంది? నాలుక కొక్కెం తుప్పు వట్టి ఊడిపోయింది. మోకాళ్ల నొప్పికి ఎక్కలేక తొమ్మిది పొద్దులు గట్లనే ఉండె. నొప్పి తగ్గినంక తగిలిచ్చిన. గంతే."

"మరి ఆ పొద్దు మా వాకిట్ల నేనన్న మాటకు..."

"నువ్వు ఏమన్నవో నాకు ఇనబడనే లేదమ్మా," అన్నాడు అనంతయ్య, పూల పొట్లం చంకలో సర్దుకుంటూ. "మీదికెల్లి ఇమానం పోతుండె."